మెట్లు ముందే బిగిద్దాం

కంప్యూటర్‌లో పాట రికార్డు చేసేవాళ్లకు రోజూ ఎదురయ్యే ఒక చిన్న విషయం గురించి ఈ పూట మాట్లాడతాను. చిన్నదే అయినా, మనకు తెలియకుండానే మన పాట రూపాన్ని మార్చగల విషయం అది. క్యూబేస్, లాజిక్ ప్రో, ప్రో టూల్స్, ఎబుల్టన్ లైవ్, రీపర్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఏది తెరిచినా, కొత్త ప్రాజెక్టు కావాలనగానే తెర మీద ఒక ఖాళీ పేజీ వస్తుంది. అందులో ఏమీ లేదనీ, ఇక అంతా మన ఇష్టమేననీ అనిపిస్తుంది. కానీ ఆ పేజీ అంచున ఉన్న చిన్న అంకెలు చూడండి. నిమిషానికి 120 బీట్ల వేగం అని అప్పటికే రాసి ఉంటుంది. నాలుగు బీట్లకు ఒక బార్ అని గీతలు అప్పటికే గీసి ఉంటాయి. ఈ అంకెలు నిన్న మొన్న పుట్టినవి కావు. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతి 1983లో వచ్చింది. ఆ సమాచారాన్ని ఫైలుగా దాచుకునే ప్రమాణం 1988లో వచ్చింది. వేగమూ లెక్కా ఎవరూ చెప్పకపోతే 120 బీట్లు, నాలుగు బీట్ల బార్ అనుకోవాలని ఆ ప్రమాణంలోనే ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ దారినే నడుస్తున్నాయి. శ్రుతి సంగతీ ఇంతే. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఒప్పుకున్న 440 హెర్ట్జ్‌ల స్వరం, పియానో మీది పన్నెండు సమాన భాగాల స్థాయి, ఇవి రెండూ ఆ ఖాళీ పేజీలో ముందే కుదురుకొని ఉంటాయి.

అంటే ఖాళీ పేజీ నిజానికి ఖాళీ కాదు. ఎవరి సంగీతానికో వీలుగా, ఎవరో సిద్ధం చేసి ఇచ్చిన చట్రం అది. అందులో తప్పు లేదు, ఏదో ఒక అంకెతో మొదలుపెట్టక తప్పదు కదా. అయితే దీనివల్ల ఒక పాత వాదం తీరు మారిపోతుంది. పనికి ముందే సిద్ధం చేసుకున్న టెంప్లేట్‌తో పాట చేయడం మంచిదా, ఏమీ లేని చోట మొదలుపెట్టడం మంచిదా అని సంగీతం చేసేవాళ్లు తరచూ వాదించుకుంటారు. ఏమీ లేని చోటు అనేది అసలు లేనప్పుడు ఆ వాదానికి అర్థం లేదు. మన ముందున్న ప్రశ్న ఒక్కటే. మన పని మనం తయారు చేసుకున్న చట్రంలో జరగాలా, ఇంకొకరి చట్రంలో జరగాలా? పాటలు రికార్డు చేసే ప్రతివాళ్లూ, ముఖ్యంగా మన శ్రుతులూ మన తాళాలూ వాడేవాళ్లు, తమ టెంప్లేట్ తాము కట్టుకోవాలనీ, ఆ పని సృజనను తగ్గించదు సరికదా దానికి చోటు చేస్తుందనీ నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. దీనికి వచ్చే అభ్యంతరాలకు కూడా జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు టెంప్లేట్ అంటే ఏమిటో తేల్చుకుందాం. ఒక ప్రాజెక్టులో ట్రాకుల పేర్లు, వాటి రంగులు, ఏ మైకు ఏ ట్రాకులోకి వస్తుంది, ఏ ట్రాకు ఏ గుంపులోకి వెళ్తుంది, హెడ్‌ఫోన్‌లో గాయకులకు ఏం వినిపించాలి, శాంపిల్ రేటు ఎంత, ఎగుమతి చేసేటప్పుడు ఫైళ్లు ఎలా విడివడాలి, ఇలాంటి ఏర్పాట్లు ఎన్నో ఉంటాయి. పాట మాత్రం లేకుండా ఈ ఏర్పాట్లన్నిటినీ ఒక్కసారి దాచి, ప్రతి కొత్త పాటనూ అక్కడి నుంచి మొదలుపెట్టడమే టెంప్లేట్. నేను పేరు చెప్పిన సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ ఈ వీలు ఉంది. ఇప్పుడు ఒక భక్తిగీతం రికార్డింగ్ ఊహించండి. ఒక గాయని, ఒక వయొలిన్, ఒక మృదంగం, తంబూర శ్రుతి. టెంప్లేట్ లేకపోతే గాయని వచ్చి కూర్చున్నాక ట్రాకులు తెరవాలి, పేర్లు పెట్టాలి, మైకులు కలపాలి, హెడ్‌ఫోన్‌లోకి శ్రుతి పంపాలి, రివర్బ్ తగిలించాలి. ఒక్కొక్కటీ చిన్న పనే. కానీ ఆ సేపంతా గాయని మైకు ముందు ఊరికే కూర్చుంటుంది. శ్రుతి కలిపి, గొంతు సవరించుకొని, పాట మనసులో నిండి ఉన్న క్షణం ఎక్కువసేపు నిలవదు. మైకు సరి చూసుకునేలోపు అది జారిపోతే మళ్లీ పిలిచినా అలాగే రాదు. టెంప్లేట్ నిమిషాలను మిగులుస్తుందని అందరూ అంటారు. ఆ నిమిషాలు ఎవరివో కూడా చూడాలి. అవి గొంతు పదును మీద ఉన్న నిమిషాలు. వాటిని కాపాడడమే అసలు లాభం.

రెండో లాభం, తొందరలో జరిగే పొరపాట్లు తగ్గడం. ఉదాహరణకు శాంపిల్ రేటు. సీడీకి సెకనుకు 44,100 శాంపిళ్లు, సినిమాకి, వీడియోకి 48,000. ఒక రేటులో రికార్డయిన ఫైలును మార్పిడి చేయకుండా ఇంకో రేటు ప్రాజెక్టులో వేస్తే ఏమవుతుంది? 44,100తో రికార్డయిన పాట 48,000తో నడిస్తే దాదాపు తొమ్మిది శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి సుమారు ఒకటిన్నర సెమిటోన్లు పైకి పోతుంది. సెమిటోన్ అంటే హార్మోనియం మీద తెల్లవీ నల్లవీ కలిపి చూస్తే పక్కపక్కన ఉన్న రెండు మెట్ల మధ్య దూరం. ఒకటిన్నర అంటే ఏ మెట్టు మీదా నిలవని శ్రుతి. అలాగే పేర్ల సంగతి. చాలా సాఫ్ట్‌వేర్లలో ట్రాకుకు ఏ పేరుంటే రికార్డయిన ఫైలుకూ ఆ పేరే వస్తుంది. పేరు పెట్టకుండా రికార్డు మీట నొక్కితే ఫైలు పేరు ‘ఆడియో 1’ అవుతుంది. పది పాటల తరువాత ఒకే డిస్క్‌లో ‘ఆడియో 1’ అనే ఫైళ్లు పది ఉంటాయి. అయిదేళ్ల తరువాత ఆ ప్రాజెక్టు తెరుచుకోకపోతే, అందులో ఏది గాత్రమో ఏది మృదంగమో ఒక్కొక్కటే విని తెలుసుకోవాలి. జాగ్రత్తగా ఉండండి అని మనిషికి చెప్పినంత మాత్రాన ఈ పొరపాట్లు పోవు. తొందరలో జాగ్రత్తే ముందుగా పోతుంది. తొందర లేనప్పుడు తీసుకున్న జాగ్రత్తను దాచిపెట్టి, తొందర ఉన్నప్పుడు వాడుకోవడానికి టెంప్లేట్ ఒక సాధనం.

ఇక మన సంగీతం దగ్గరికి వస్తే ఈ అవసరం ఇంకా పెద్దది. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నాలుగు బీట్ల లెక్కలోనే పాడితే రెండు బార్లకు ఒక ఆవర్తం అవుతుంది. పాట చెడిపోదు, నిజమే. కానీ అయిదో ఆవర్తంలో వచ్చిన సంగతి మళ్లీ వినాలంటే తొమ్మిదో బార్ వెతుక్కోవాలి. బార్‌కు ఎనిమిది బీట్లు అని టెంప్లేట్‌లో రాసి ఉంచితే తెర మీది అంకే ఆవర్తం అంకె అవుతుంది. మిశ్రచాపుకు ఏడు. తకిట, తకధిమి అని మూడూ నాలుగుగా విరిగే నడక అది. ఆ విరుపు తెలిసేలా లెక్క వినిపించే క్లిక్ ట్రాకు ముందే తయారు చేసి ఉంచాలి. తిశ్రగతిలో పాడే చోట గీతలు మూడు మూడుగా పడాలి. పద్యం సంగతి పూర్తిగా వేరు. మన నాటక పద్యానికి రాగం ఉంటుంది, తాళం ఉండదు. దాన్ని బీట్ల గీతలకు కట్టిపడేస్తే, తరువాత ఎవరైనా వేగం అంకె మార్చినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లలో పద్యం కూడా సాగిపోతుంది, లేదా ముక్కలు చోటు తప్పుతాయి. పద్యం కోసం, ఆలాపన కోసం పెట్టిన ట్రాకులు బీట్లతో కాక గడియారం సమయంతో నడవాలని ముందే నిర్ణయించి ఉంచవచ్చు. 120 బీట్ల పేజీకి ఇవేవీ తెలియవు. తెలియకపోవడం దాని తప్పు కాదు, చెప్పకపోవడం మన లోపం.

శ్రుతీ గమకాలూ ఇంకా సున్నితమైనవి. తంబూర మీటినప్పుడు దాని నాదంలోంచి అంతరగాంధారం తనంత తానే పలుకుతుందని శ్రద్ధగా విన్నవాళ్లకు తెలుసు. ఆధార షడ్జం నుంచి ఆ గాంధారం దూరం సుమారు 386 సెంట్లు, అంటే సెమిటోన్‌లో నూరో వంతు లెక్కన. కీబోర్డు సమాన స్థాయిలో అదే స్వరం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబూర వెనక ఒక సింథసైజర్ స్వరాన్ని నిలిపి ఉంచితే ఈ 14 సెంట్ల తేడా చెవికి గరుకుగా తగులుతుంది. శ్రుతి మార్చుకునే వీలున్న వాద్యాలను ముందే సరిచేసి టెంప్లేట్‌లో ఉంచుకుంటే ప్రతి పాటకూ ఈ గొడవ ఉండదు. గమకం సంగతి చూడండి. కీబోర్డు మీద స్వరాన్ని జార్చడానికి పిచ్ బెండ్ అనే చక్రం ఉంటుంది. చాలా వాద్యాలలో అది మామూలుగా పైకి రెండు, కిందికి రెండు సెమిటోన్లు మాత్రమే జారుతుంది. షడ్జం నుంచి పంచమానికి జారు వేయాలంటే ఏడు సెమిటోన్లు కావాలి. అంటే పరికరం మామూలుగా ఉన్న స్థితిలో ఆ జారు పలకనే పలకదు. అప్పుడు వాయించేవాళ్లు ఏం చేస్తారు? చాలామంది జారు మానేసి రెండు స్వరాలూ విడివిడిగా నొక్కుతారు. అలా ఒక చిన్న అంకె ఒక గమకాన్ని పాటలోంచి తీసేస్తుంది. దాన్ని పన్నెండుకు మార్చి దాచుకోవడానికి ఒక నిమిషం చాలు.

ముందే సిద్ధం చేసి ఉంచడమనే ఆలోచన కంప్యూటర్‌తో పుట్టలేదు. టేపు రోజుల్లో ఏ ట్రాకులో ఏముందో కాగితం మీద రాసేవారు. మిక్సింగ్ బల్ల మీద ఏ బిరడా ఎంత తిప్పి ఉందో బొమ్మ గీసి దాచేవారు. 1980ల మొదట్లో ఇంగ్లండ్‌కు చెందిన సాలిడ్ స్టేట్ లాజిక్ సంస్థ తన బల్లల మీది బిరడాల స్థానాలను కంప్యూటర్‌లో గుర్తుంచుకునే ఏర్పాటు తెచ్చింది. దానికి టోటల్ రీకాల్ అని పేరు. గుర్తుంచుకోవడం కంప్యూటర్ పని, దాన్ని చూస్తూ ఒక్కొక్క బిరడానూ చేత్తో మళ్లీ తిప్పడం మనిషి పని. అయినా అది స్టూడియోలకు గొప్ప వరమైంది. ఇంకా వెనక్కి వెళ్తే అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ అనే పాటల రికార్డుల సంస్థ కనిపిస్తుంది. దాన్ని స్థాపించిన బెరీ గోర్డీ అంతకుముందు లింకన్-మెర్క్యురీ కార్ల కర్మాగారంలో పనిచేశాడు. ఒక పని తరువాత ఒక పనిగా వస్తువు తయారయ్యే ఆ పద్ధతి పాటకూ పనికొస్తుందని అతను అనుకున్నాడు. 1959లో కొన్న ఒక ఇంటిని స్టూడియోగా మార్చాడు. ఆ గదిలో వాద్యాలు, మైకులు, వాయిద్యగాళ్లు ఎప్పుడూ సిద్ధం. పాట తెచ్చినవాళ్లు వెంటనే రికార్డింగ్ మొదలుపెట్టవచ్చు. ఆ గదిని నేటి మాటల్లో చెప్పాలంటే నాలుగు గోడల టెంప్లేట్ అనాలి.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. కర్మాగారం పద్ధతిలో వస్తే పాటలన్నీ ఒకేలా ఉండవా అని. తెలుగులో టెంప్లేట్‌కు దగ్గరి మాట మూస, ఆ మాటకి మన సాహిత్యంలోనూ సినిమాలోనూ చెడ్డపేరే ఉంది. మూస పాట, మూస కథ అంటే ప్రాణం లేనిదని అర్థం. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే మోటౌన్ గది నుంచే జవాబు వెతుకుదాం. ది సుప్రీమ్స్ అనే గాయనీ బృందం పాడిన సుకుమారమైన ప్రేమగీతాలు ఆ గదిలోనే పుట్టాయి. యుద్ధాన్నీ పేదరికాన్నీ ప్రశ్నిస్తూ గాయకుడు మార్విన్ గే 1971లో తెచ్చిన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్‌లో కూడా ఎక్కువ భాగం ఆ గదిలోనే రికార్డయింది. ఫంక్ బ్రదర్స్ అని పేరుపడ్డ వాయిద్యగాళ్ల బృందమే రెంటికీ వాయించింది. గది ఒకటే, ఏర్పాటు ఒకటే, పాటలు ఎంత దూరంగా ఉన్నాయో చూడండి. మన దగ్గర కచేరీని తీసుకోండి. వర్ణంతో మొదలై, కృతుల మీదుగా, రాగం తానం పల్లవి దాకా వెళ్లి, చిన్న పాటలతో ముగిసే వరుసను ఇరవయ్యో శతాబ్దంలో అరియకుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచారు. ఇప్పటికీ చాలామంది ఆ వరుసనే పాటిస్తున్నారు. వరుస ఒకటైనందువల్ల ఇద్దరు విద్వాంసుల కచేరీలు ఒకటయ్యాయని ఎవరూ అనలేదు.

అయితే మూస పాటలు వస్తున్న మాట కూడా నిజమే. మరి వాటికి కారణం ఏమిటి? ఈ తేడాను చెప్పడానికి మనకు నాలుగున్నర శతాబ్దాలకు పైబడిన ఒక చక్కని మాట ఉంది. 1550లో విజయనగరంలో, అళియ రామరాయల ఆదరణలో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ అనే లక్షణగ్రంథం రాశాడు. అందులో వీణకు మెట్లు బిగించే తీరులు చెబుతూ ఏకరాగమేళ వీణ, సర్వరాగమేళ వీణ అని రెండు రకాలు చూపాడు. మొదటిదానికి ఒక రాగానికి కావలసిన స్వరాలకే మెట్లు. రాగం మారితే మెట్లు జరపాలి. రెండోదానికి అన్ని స్వరస్థానాలకూ మెట్లు ముందే ఉంటాయి. ఏ రాగమైనా పలుకుతుంది. నేటి బొబ్బిలి వీణ మీద మైనంలో స్థిరంగా నిలిచిన 24 మెట్లు ఈ రెండో ఆలోచనకే వారసులు. మెట్లు కదలవు. ఆ కదలని మెట్ల మీదే కల్యాణి, తోడి, ఆనందభైరవి అన్నీ పలుకుతాయి. టెంప్లేట్లలోనూ ఈ రెండు రకాలే ఉన్నాయి. డ్రమ్ముల లూపు, నాలుగు స్వరగుచ్ఛాల (కార్డ్స్) వరుస, ఫలానా చోట ఫలానా మెరుపు శబ్దం అని ముందే నింపి ఉంచినది ఏకరాగమేళం. దానిమీద ఏ పాట చేసినా ఒకే పాట వస్తుంది. మూస అని మనం నిందించేది దీన్నే, ఆ నింద న్యాయమే. పేర్లు, దారులు, శ్రుతి, తాళం గీతలు మాత్రమే ఉన్నది సర్వరాగమేళం. అది పాటను నిర్ణయించదు, పాట పలకడానికి వీలు కల్పిస్తుంది.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. టెంప్లేట్‌లో ఉన్న ప్రతి వస్తువు గురించీ ఇది పాట విన్నవాళ్లకు వినపడుతుందా అని అడగండి. ట్రాకు రంగు వినపడదు. పేరు వినపడదు. క్లిక్ పూర్తయిన పాటలో ఉండదు. ఇవి నిశ్చింతగా ఉంచుకోవచ్చు. తబలా లూపు వినపడుతుంది, అది టెంప్లేట్‌లో ఉండకూడదు. మరి రివర్బ్? గొంతును సమం చేసే కంప్రెసర్? ఇవి వినపడేవే, అయినా ప్రతిసారీ కావలసినవే. ఇక్కడ మధ్యేమార్గం ఉంది. గాయని హెడ్‌ఫోన్‌లో వినిపించే రివర్బ్ మొదటి నుంచీ పనిచేయనివ్వండి, అది రికార్డు కాదు, పాడేవాళ్లకు ధైర్యం మాత్రమే. చివరి మిశ్రమంలో వాడేవాటిని ఉంచండి కానీ ఆపి ఉంచండి. కావాలంటే చేత్తో తెరవాలి. ఆ చిన్న కదలికలో ఈ పాటకు ఇది కావాలా అనే ప్రశ్న ఒక్కసారి మనసులో మెదులుతుంది. ఆ ప్రశ్న బతికి ఉన్నంతకాలం టెంప్లేట్ మనల్ని నడిపించదు, మనమే దాన్ని నడిపిస్తాం.

రెండో అభ్యంతరం నేర్చుకునేవాళ్ల తరఫున వస్తుంది. అన్నీ సిద్ధంగా అందితే కొత్తవాళ్లకు పని ఎలా తెలుస్తుంది, సౌండు ఏ దారిన పోతోందో ఎలా అర్థమవుతుంది అని. ఇది బలమైన మాట. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే టెంప్లేట్‌ను కొనుక్కోమని గానీ, ఎవరో ఇచ్చింది దింపుకోమని గానీ నేను అనడం లేదు. ఇంకొకరి టెంప్లేట్ కొనడం అంటే మొదట చెప్పిన 120 బీట్ల పేజీ నుంచి తప్పించుకొని మరొకరి పేజీలోకి వెళ్లడమే. నేర్చుకునేవాళ్లు మొదటి పది ప్రాజెక్టులూ చేత్తోనే కట్టాలి. మైకును ట్రాకుకు కలపడం, ట్రాకును గుంపులోకి పంపడం, శబ్దం ఎక్కడ పగులుతోందో వెతకడం వేళ్లకు అలవాటు కావాలి. సరళీ స్వరాలు దాటాకే గీతం, గీతం దాటాకే వర్ణం అన్నట్టు, చేత్తో చేయడం వచ్చాకే దాచుకోవడం. అలా వచ్చిన టెంప్లేట్ బద్ధకానికి గుర్తు కాదు. అప్పటిదాకా నేర్చుకున్నదాన్ని మనిషి తనకు తాను రాసిపెట్టుకున్న పాఠం అది. దాన్ని తెరిచి అందులోని ప్రతి తీగా ఎందుకు ఉందో చెప్పగలిగితే అది తనది. చెప్పలేకపోతే ఆ భాగం తీసేసి మళ్లీ చేత్తో కట్టుకోవాలి.

మూడో అభ్యంతరం బరువు గురించి. సినిమా సంగీత దర్శకుల టెంప్లేట్లు చాలా పెద్దవి. ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’కు సంగీతం చేసిన టామ్ హోల్కెన్‌బోర్గ్ తన పని పద్ధతినీ తన టెంప్లేట్‌నూ వీడియోల్లో అందరికీ చూపించారు. ఇలాంటి ఆర్కెస్ట్రా టెంప్లేట్లలో ట్రాకులు వందల్లో ఉంటాయి, వెయ్యి దాటినవీ ఉంటాయి. ఒక్కొక్క వయొలిన్ పట్టుకూ ఒక్కొక్క ట్రాకు. వాళ్లకు అది అవసరం, దాన్ని మోయగల యంత్రాలూ వాళ్లకు ఉన్నాయి. మామూలు కంప్యూటర్ మీద దాన్ని అనుకరిస్తే కష్టం వస్తుంది. ఎలా అంటే, ప్లగిన్లు ఎక్కువైనప్పుడు కంప్యూటర్ తట్టుకోవడానికి, శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసుకునే బఫర్‌ను పెంచాలి. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 128 శాంపిళ్ల బఫర్‌కు ఆలస్యం మూడు మిల్లీ సెకన్ల లోపే. 1,024 శాంపిళ్లకు పెంచితే 21 మిల్లీ సెకన్లు. తన గొంతు తనకు కనీసం ఏడు మీటర్ల అవతలి నుంచి వస్తున్నట్టు గాయనికి అనిపిస్తుంది. అలాంటప్పుడు తాళం నిలవడం కష్టం. దీనికి మందు టెంప్లేట్ మానేయడం కాదు, పనికొకటి చొప్పున విడగొట్టడం. రికార్డింగ్‌కు తేలికైనది ఒకటి, మిక్సింగ్‌కు నిండైనది ఒకటి, పద్యానికీ ఆలాపనకూ తాళం లేనిది ఒకటి. మూడు చాలు. తరచూ వాడని వాద్యాలను ఒక్కొక్క ట్రాకు టెంప్లేట్‌గా విడిగా దాచుకొని, కావలసిన రోజున తెచ్చుకోవచ్చు.

మరి కొందరు ఇంకో మాట అంటారు. ఇంత శ్రమ ఎందుకు, పాత పాట ప్రాజెక్టును తెరిచి, వేరే పేరుతో దాచి, పాత ఫైళ్లు తుడిచేస్తే సరిపోదా అని. సరిపోదు. పాత పాట ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. మూడో చరణం దగ్గర వయొలిన్‌ను తగ్గించిన ఆటోమేషన్ గీత అలాగే ఉండిపోయి కొత్త పాటలో అదే చోట వయొలిన్‌ను ముంచేస్తుంది. పాత గొంతుకు సరిపడేలా దిద్దిన ఈక్వలైజర్ కొత్త గొంతులోంచి నిండుదనాన్ని తీసేస్తుంది. టెంప్లేట్ కట్టడానికి మంచి సమయం పాట పూర్తయిన మర్నాడు. ఏది ఉపయోగపడిందో, ఏది లేక ఇబ్బంది అయిందో అప్పుడు స్పష్టంగా గుర్తుంటుంది. ఆ ప్రాజెక్టు నకలులో నుంచి ఆ పాటకే చెందినవన్నీ ఒక్కొక్కటే తీసేసి, మిగిలినదాన్ని టెంప్లేట్‌గా దాచాలి. పేరులో తేదీ ఉండాలి. ఆరు నెలలకోసారి సరిచూసి, వాడనివి తీసేయాలి. సాఫ్ట్‌వేర్ మారితే పాత ప్లగిన్లు తెరుచుకోకపోవచ్చు. అందుకే టెంప్లేట్‌ను ఒకసారి కట్టి వదిలేసే కట్టడంలా కాక, ఏటా కలుపు తీసే మడిలా చూసుకోవాలి.

చివరిగా ఒక మాట. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో ప్రాజెక్టుతోపాటు నాలుగు మాటలు రాసుకునే చోటు ఉంటుంది. దాన్ని దాదాపు ఎవరూ నింపరు. ఇవాళ మన ఊళ్లలో ఒగ్గుకథ చెప్పేవాళ్లు, బుర్రకథ చెప్పేవాళ్లు, పెళ్లిపాటలు, నాట్ల పాటలు పాడే పెద్దవాళ్లు చిన్న చిన్న స్టూడియోల్లో రికార్డవుతున్నారు. పాట ఫైలు మిగులుతుంది. పాడిందెవరో, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ శ్రుతిలో పాడారో మిగలదు. మీ టెంప్లేట్‌లో ఆ చోట ఈ ప్రశ్నలు ముందే రాసి ఉంచండి. పాడినవారి పేరు, ఊరు, నేర్పినవారు, శ్రుతి, తాళం, తేదీ. జవాబులు ఖాళీగానే ఉండనివ్వండి. ప్రతి కొత్త ప్రాజెక్టులోనూ ఆ ఆరు ప్రశ్నలూ తెర మీద కనిపిస్తాయి. పాట మొదలుకాకముందే ఎదుటివాళ్లను అడగాలనిపిస్తుంది. 120 బీట్ల పేజీ ఈ ప్రశ్నలు ఎన్నడూ అడగదు. ఏమీ చెప్పకపోతే ఏమి అనుకోవాలో 1988 నాటి ప్రమాణం నిర్ణయించింది. మనం చెప్పవలసింది మనం ముందే చెప్పి ఉంచితే, మన పాట గురించి ఇంకెవరూ ఏమీ అనుకోవలసిన అవసరం ఉండదు. మెట్లు మనం బిగిద్దాం. రాగం పాడేవాళ్లకు వదిలేద్దాం.